తెలుగు రంగస్థలంపై పఠాన్ రుస్తుం: బళ్ళారి రాఘవ నట జీవితం

మన పల్లెల్లో నాటకం ఆడితే అందులో 'తురక వేషం' ఒకటి తప్పకుండా ఉండేది. గళ్ళ లుంగీ, తలమీద కుచ్చు టోపీ, కళ్ళకు సుర్మా, నోట్లో వచ్చీరాని తెలుగు. ఆ పాత్ర వస్తే జనం నవ్వాలి, లేకపోతే భయపడాలి. మూడోదారి లేదు. వీరులపాడు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట వరకు తిరునాళ్ళలో, పంట చేతికొచ్చిన రోజుల్లో రాత్రంతా ఆడిన నాటకాల్లో మనవాళ్ళు కూడా చాపలు పరుచుకుని ముందు వరుసలోనే కూర్చునేవారు. ఆ వేషం చూసి నవ్వేవారు. నిజం చెప్పాలంటే కొందరు బాగానే నవ్వించేవారు కూడా. కానీ పక్కన కూర్చున్న పిల్లవాడు ఇంటికి వచ్చాక "అబ్బాజాన్, మనం అలా మాట్లాడతామా?" అని అడిగితే ఏం చెప్పాలి? తెలుగే ఇంటి భాషగా బతికే కుటుంబాలు ఈ మెట్ట ప్రాంతంలో ఎన్ని లేవు!

ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే ఈ వారం ఒక పాత నటుని గురించి రాస్తున్నాం. ఆయన ముస్లిం కాదు, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వకీలు. అయినా తెలుగు నాటకంలో ఒక పఠాను పాత్రను తన జీవితంలోని గొప్ప వేషాల్లో ఒకటిగా నిలబెట్టుకున్నవాడు. ఆయనే బళ్ళారి రాఘవ. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు.

రాఘవ గారు 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. పెరిగింది, చదివింది, వకాలతు చేసింది బళ్ళారిలో. ఆ ఊరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. బజారులో నాలుగడుగులు వేస్తే కన్నడం, తెలుగు, దక్కనీ ఉర్దూ మూడూ చెవిన పడే ఊరు అది. ఆయన పెద్దయ్యాక తెలుగులోనే కాక కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా నాటకాలాడారు. బడిలో నేర్చిన దానికన్నా ఊరు నేర్పింది ఎక్కువేమో అనిపిస్తుంది.

బళ్ళారికి మరో అదృష్టం కూడా ఉంది. తెలుగు నాటకానికి తొలిరోజుల్లో అక్షరాలు దిద్దించిన ఇద్దరు మహానుభావులు ఒకేకాలంలో ఆ ఊళ్ళో ఉన్నారు. ఇద్దరూ వకీళ్ళే. ఒకరు ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయనది సరస వినోదినీ సభ. రెండోవారు చారిత్రక నాటకాలకు పేరుపడ్డ కోలాచలం శ్రీనివాసరావు, ఆయనది సుమనోరమ సభ. ఊరు ఒకటే, సభలు రెండు, పోటీ తప్పదు. ధర్మవరం వారు రాఘవకు స్వయానా మేనమామ. అయినా ఈ కుర్రవాడికి పెద్ద పేరు తెచ్చిన పాత్ర మాత్రం అవతలి సభ పెద్దాయన రాసిన నాటకంలో దొరికింది. బంధుత్వం కంటే పాత్రను పెద్దదిగా చూసుకున్నాడన్నమాట.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు. తెలుగు నాటకం మీద పార్శీ కంపెనీల ప్రభావం గురించి అందరూ రాస్తారు గానీ, ఆ కంపెనీలు దేశమంతా తిప్పింది ఎక్కువగా ఉర్దూ నాటకాలనేనన్న సంగతి చాలామంది మరిచిపోతారు. లక్నోలో అమానత్ రాసిన ఇందర్ సభ, తరువాత ఆగా హష్ర్ కాశ్మీరీ నాటకాలు, రంగుల తెరలు, పాటల వరసలు ఇవన్నీ ఆ దారినే వచ్చాయి. మన కృష్ణా జిల్లా బందరులోనైతే 1880లలో నాదెళ్ళ పురుషోత్తమ కవి హిందూస్తానీలో నాటకాలు రాశారు. ఒకటి రెండు కాదు, ముప్పైకి పైగా. ఆయన తెలుగువాడు, ఆడినది తెలుగువారు, చూసినది తెలుగువారు. అంటే మన భాష, మన సాహిత్యం తెలుగు రంగస్థలానికి పొరుగింటి వస్తువులు కావు. పునాదిలోనే ఉన్నాయి. పునాదిలో ఉన్న భాష మాట్లాడే మనిషి మాత్రం వేదిక మీదకు వచ్చేసరికి వేళాకోళమైపోయాడు.

రాఘవ చిన్ననాటి నుంచే వేషాలు కట్టారు. బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్ పెట్టి ఇంగ్లీషు నాటకాలాడారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వచ్చి కోర్టులో పేరు తెచ్చుకున్నారు. బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమెటిక్ అసోసియేషన్‌తో కలిసి ఎన్నో ప్రదర్శనలిచ్చారు. షైలాక్, హామ్లెట్, ఒథెల్లో పాత్రలు వేశారు. ఒథెల్లో ఎవరు? ఉత్తర ఆఫ్రికా మూర్ జాతివాడు, తెల్లవాళ్ళ సైన్యానికి సేనాని. వాళ్ళకు యుద్ధం గెలిచి పెట్టినంత కాలం గొప్పవాడు. ఇంటి అల్లుడయ్యేసరికి పరాయివాడు. షైలాక్ సంగతీ అంతే, ఊరికి అప్పు ఇచ్చేవాడు, ఊరు ఉమ్మేసే యూదుడు. వేరుగా చూడబడే మనిషి లోపల ఏం జరుగుతుందో ఈ రెండు పాత్రల్లోనూ ఉంది. పఠాన్ రుస్తుం వేషానికి రాఘవ ఇక్కడే తయారయ్యారని మా అభిప్రాయం.

కోలాచలం వారి నాటకం రామరాజు చరిత్ర. విజయనగర రాజ్య పతనం అని కూడా పిలిచేవారు. 1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధం, అళియ రామరాజు అంతం, దక్కను సుల్తానుల గెలుపు, ఇదీ విషయం. ఎంత సున్నితమైన వస్తువో వేరే చెప్పాలా? హంపీ శిథిలాలు బళ్ళారికి కూతవేటు దూరంలో ఉన్నాయి. నిజానికి ఆ యుద్ధం రెండు మతాల మధ్య గీత గీసినట్టు జరగలేదని చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. రామరాజు సైన్యంలో ముస్లిం సేనానులున్నారు, సుల్తానుల కొలువుల్లో హిందూ సర్దారులున్నారు. అంతకుముందు బీజాపూరు సుల్తాను, రామరాజు ఒక వైపున నిలబడి అహ్మద్‌నగర్ మీద పోరాడారు. కానీ నాటకశాలలో కూర్చున్నవాడికి అవన్నీ గుర్తుండవు. ఎదుట గెలుస్తున్నవాడూ ఓడుతున్నవాడూ కనిపిస్తారు, అంతే. ఈ నాటకం వల్ల హిందూ ముస్లింల మధ్య మనస్పర్థలు వస్తాయని ఆంగ్ల ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా.

అలాంటి నాటకంలో రాఘవ ఎంచుకున్న వేషం రాజుది కాదు, పఠాన్ రుస్తుంది. కోరుకుంటే ఏ పెద్ద వేషమైనా దొరికే స్థితిలో ఉన్న నటుడు ఆ పఠానును పట్టుకుని దాన్నే చిరకాలం జనం నోట నానే పాత్రగా చేశారు. రవీంద్రనాథ్ టాగూరు 1919లో బెంగుళూరు వచ్చినప్పుడు ఈ వేషం చూసి మెచ్చుకున్నారు. బెంగాలీ కవికి తెలుగు మాట అర్థమై ఉండదు. మాట వెనుక ఉన్న మనిషి అర్థమై ఉంటాడు.

మాకు ఒక సందేహం వస్తుంది, పాఠకులకూ రావచ్చు. అలాంటి నాటకంలో ముస్లిం పాత్రను గొప్పగా నటించడం మనకు మేలు చేసిందా, కీడు చేసిందా? కథ మారదు కదా. కథ చివర జనం మనసులో మిగిలేది కోపమే అయితే నటుని ప్రతిభ ఆ కోపానికి పదును పెట్టదా? ఈ మాటలో కొంత నిజం ఉంది, నిషేధం ఊరికే రాలేదు. అయితే రెండో వైపు కూడా చూడాలి. నవ్వులాటగా, బూచిగా తప్ప వేదిక మీద చోటులేని మనిషికి మొదటిసారి కోపం, అవమానం, ఆత్మగౌరవం దొరికాయి. ద్వేషించేవాడు కూడా ఆ పాత్రను తేలిగ్గా తీసుకోలేని స్థితి వచ్చింది. మేము ఈ రెండో వైపుకే మొగ్గుతాం. మొగ్గనివారితో పేచీ లేదు.

ఆయన నటనలో ఏమంత విశేషం అంటే, అప్పటి పద్ధతి తెలియాలి. తెలుగు నాటకమంటే పద్యం, పద్యమంటే రాగాలాపన. హార్మోనియం శ్రుతి చేసుకుని ఒక్కో పద్యాన్ని అరగంట సాగదీసేవారు. జనం 'వన్స్ మోర్' అంటే చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయేది! మన ప్రాంతంలో ఇది చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు. రాఘవ దీనికి బద్ధ విరోధి. ఆయన గాయకుడు కాదు, కావాలనీ అనుకోలేదు. పద్యాన్ని మాటలాగే భావం కోసం చెప్పాలన్నారు. మౌనంగా నిలబడటం కూడా నటనే అన్నారు. పాట వినడానికి వచ్చిన జనాన్ని నటన చూడటానికి అలవాటు చేయడం చిన్న పని కాదు. అందరూ ఒప్పుకున్నారనీ చెప్పలేం. పద్యం లేని నాటకం ఉప్పులేని కూర అనేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు.

ఆయన నాటకం మీద డబ్బు సంపాదించలేదు. జీవనం వకాలతు, నాటకం ప్రాణం. ఎక్కువ ప్రదర్శనలు ధర్మకార్యాల నిధుల కోసమే ఇచ్చారు.

1927లో గాంధీజీ అనారోగ్యంతో నంది కొండలో, బెంగుళూరులో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు రాఘవ బృందం దీనబంధు కబీర్ అనే హిందీ నాటకం ప్రదర్శించింది. గాంధీజీ ప్రార్థన వేళ కూడా మరిచి చూశారని చెప్పుకుంటారు. కబీరును గురించి మన పాఠకులకు పరిచయం అవసరం లేదు. కాశీలో ముస్లిం సాలెల ఇంట పెరిగినవాడు, మగ్గం మీద బతికినవాడు, అటు ముల్లాకూ ఇటు పండితుడికీ కూడా మింగుడు పడనివాడు. దేశంలో మత కలహాలు పెరుగుతున్న ఆ ఏళ్ళలో కబీరు నాటకాన్ని, అదీ గాంధీజీ ముందు ఆడటానికి ఎంచుకోవడం యాదృచ్ఛికమని మేము అనుకోం. రామదాసు వేషం కూడా రాఘవకు పేరు తెచ్చింది. ఆ కథలోనూ గోల్కొండ, తానీషా, అక్కన్న మాదన్నలు తప్పరు. ఏ తెలుగు కథ తవ్వినా ఎక్కడో ఒకచోట మన ఇల్లు తగులుతుంది.

స్త్రీ పాత్రలను స్త్రీలే వేయాలన్నది రాఘవ పట్టుదల. అప్పట్లో ఇది పెద్ద దుమారం. మగవాళ్ళు ఆడవేషాలు వేయడంలో స్థానం నరసింహారావు గారిని మించినవారు లేరు. బాపట్లలో పుట్టిన ఆ మహానటుడు మొగలు రాకుమార్తె రోషనారగా వేదిక మీదకు వస్తే మగవాడంటే నమ్మేవారు కాదట. ఆ రోషనార నాటకం మీద మనవారికి అభ్యంతరాలు ఉండేవి, అది వేరే కథ. రాఘవ వాదన ఒకటే: ఎంత బాగా వేసినా అది అనుకరణే, ఆడదాని బాధ ఆడది చెబితేనే నిజం. చదువుకున్న కుటుంబాల స్త్రీలను ఒప్పించి తర్ఫీదు ఇచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి వారిలో ముఖ్యులు. ఆవిడ రాఘవతో నాటకాల్లోనూ, తరువాత సినిమాల్లోనూ నటించారు. మన ఇళ్ళలో ఈ విషయం మీద అభిప్రాయాలు ఎలా ఉంటాయో మాకు తెలియనిది కాదు. అయితే ఆ రోజుల్లో వేదిక ఎక్కిన స్త్రీని సంఘం ఎంత చులకనగా చూసేదో తలుచుకుంటే, ఆమెకు గౌరవం దక్కాలని పట్టుబట్టిన మనిషి మీద గౌరవం కలుగుతుంది.

1928లో రాఘవ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి నాటకశాలలు చూశారు, బెర్నార్డ్ షా వంటి పెద్దలను కలుసుకున్నారు. తిరిగి వచ్చాక సాంఘిక నాటకాల మీద దృష్టి ఎక్కువ పెట్టారు. రాజమన్నారు రాసిన తప్పెవరిది నాటకం ఆ కాలంలో ఆయన ఆడినదే.

ఇంతలో సినిమా వచ్చింది. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయింది. నాటకాలాడే ప్రతి పెద్ద నటుడికీ ఆహ్వానాలు వచ్చాయి. రాఘవ తొందరపడలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడి వేషం వేశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు. అదే ఏడాది అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం అనే మరో చిత్రం వచ్చింది. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. జనం రెండోదాన్ని ఆదరించారు. రాఘవ నటించిన చిత్రం దెబ్బతింది.

ఎందుకు? చిత్రనిర్మాణం లోపాలు వేరే ఉండవచ్చు. మాకు తోచేది మరొకటి. అప్పటి సినిమా అంటే కెమెరా ముందు ఆడిన పద్యనాటకమే. పాడగలవాడికే పట్టాభిషేకం. పద్యాన్ని మాటగా చెప్పే రాఘవకు వేదిక మీదనైతే జనం కళ్ళలోకి చూసే అవకాశం ఉంది. ఎదుట నిశ్శబ్దం కమ్ముకుంటుంటే ఆ నిశ్శబ్దాన్నే వాడుకునే నటుడాయన. స్టూడియోలో ఎదుట ఉన్నది యంత్రం. ముక్కలు ముక్కలుగా తీసి అతికించే పనిలో ఆయన బలం సగం పోయింది.

మూడేళ్ళ తరువాత గూడవల్లి రామబ్రహ్మం పిలిచారు. మన కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన రామబ్రహ్మం గారు అప్పటికే మాలపిల్లతో సంచలనం సృష్టించి ఉన్నారు. 1939లో తీసిన రైతుబిడ్డలో రాఘవది సన్నకారు రైతు నర్సిరెడ్డి పాత్ర. కిరీటం లేదు, గద లేదు. అప్పులు, ఓటు, జమీందారు మనుషుల దౌర్జన్యం, ఇదీ కథ. ఎన్నికల్లో జమీందారు చెప్పినవాడికి ఓటు వేయని నేరానికి రైతు కుటుంబం పడే పాట్లు. టంగుటూరి సూర్యకుమారి, పద్మావతీదేవి, పి. సూరిబాబు మిగతా తారాగణం. కొసరాజు, తాపీ ధర్మారావు వంటివారు రచనలో పాలుపంచుకున్నారు.

ఈ సినిమా మన మెట్ట ప్రాంతానికి పరాయి కథ కాదు. అప్పటికి నందిగామ తాలూకాలో భాగంగా, చుట్టూ నిజాం రాజ్యం నడుమ ద్వీపంలా ఉన్న మునగాల పరగణాలో రైతులు తమ జమీందారు మీద వెట్టికి, అక్రమ వసూళ్ళకు వ్యతిరేకంగా 1930లలోనే లేచారు. జగ్గయ్యపేట దాటితే ఆ పరగణా. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది గనుక ఈతరం వాళ్ళకు ఆ బంధం గుర్తుండకపోవచ్చు. ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే తెర మీద నర్సిరెడ్డి నిలబడ్డాడు. జమీందార్లు కన్నెర్ర చేశారు, కొన్నిచోట్ల చిత్రం మీద నిషేధం వచ్చింది. చిత్రమేమిటంటే ఆ సినిమా నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా!

దుర్యోధనుడిగా తేలిపోయిన రాఘవ నర్సిరెడ్డిగా నిలబడ్డారు. ఇక్కడ రాగం తీయాల్సిన పని లేదు. మట్టి మనిషి మాట కావాలి, అది ఆయన దగ్గర ఉంది. తెలుగు సినిమాలో ఉన్న సహజ నటనకు తొలి ఉదాహరణల్లో దీన్ని లెక్కించాలి. 1940లో చండికలో నటించారు. దాంతో సరి. మొత్తం మూడే చిత్రాలు. అర్ధశతాబ్దం వేదిక మీద గడిపిన మనిషి తెర మీద మిగిల్చింది ఇంతే. పఠాన్ రుస్తుంను ఏ కెమెరా పట్టుకోలేదు. కబీరునూ పట్టుకోలేదు. చూసినవాళ్ళ నోటిమాటే మనకు ఆధారం, ఆ చూసినవాళ్ళూ ఇప్పుడు లేరు.

1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో రాఘవ కన్నుమూశారు. అదే ఏడాది రామబ్రహ్మం గారూ పోయారు. 1981లో తపాలా శాఖ రాఘవ బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన పోయేనాటికి గుంటూరు జిల్లా పొన్నెకల్లు కుర్రవాడు ఒకడికి ఇరవై ఆరేళ్ళు. దూదేకుల కుటుంబం, కటిక పేదరికం. చిన్నతనంలో నాటకాల్లోకి వచ్చి, సంగీతం నేర్చుకుని, ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ పట్టాడు. పేరు షేక్ నాజర్. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాలు కరువు, అల్లూరి సీతారామరాజు కథలను ఊరూరా చెప్పాడు. భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, ఇరుపక్కలా ఇద్దరు వంతలు. కథకుడొక్కడే రాజూ బంటూ, తల్లీ బిడ్డా అన్నీ తానే అవుతాడు గనుక బుర్రకథకుడికి నటన తెలియకపోతే కథే లేదు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో ఆయన వెళ్ళిపోయారు. ఆయన ఆత్మకథ పేరు పింజారి. దూది ఏకే కులాన్ని ఎగతాళి చేయడానికి వాడే మాటను ఆయన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. పత్తి పండే మన నల్లరేగడి ఊళ్ళలో ఆ మాట ఎలా వినిపిస్తుందో వినేవాళ్ళకే తెలుసు.

రాఘవ గారు వేషం కట్టి పఠానుగా వేదికెక్కారు. నాజర్ గారు తన పేరుతోనే ఎక్కి, తన ఊరి తెలుగులోనే అల్లూరి కథ చెప్పారు. 1954లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన అగ్గిరాముడులో ఆ అల్లూరి బుర్రకథ ఉంది. సుంకర సత్యనారాయణ రచన, చెప్పింది నాజర్. పిల్లలకు ఎప్పుడైనా ఆ సినిమా చూపించే వీలు కలిగితే, ఆ ఘట్టం రాగానే తెర మీద ఉన్నదెవరో చెప్పండి.